వంట సాయంత్రం ఏడింటికి మొదలవదు

సాయంత్రం ఏడవుతుంది. ఆఫీసు బ్యాగు ఇంకా భుజానే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడతాం. సగం కోసిన క్యాబేజీ, రెండు క్యారెట్లు, మొన్నటి కూర గిన్నె అడుగున నాలుగు గరిటెలు, కవర్లో నల్లబడి నీరు కారుతున్న పాలకూర. సరుకు కళ్లెదుటే ఉన్నా ఏం చేయాలో తోచదు. వెనక నుంచి "అమ్మా, ఇవాళ ఏంటి? ఆకలేస్తోంది" అని వినిపిస్తుంది. కాసేపు అలాగే నిలబడి, చివరికి ఫోన్ తీసి ఏదో ఆర్డర్ పెట్టేస్తాం, లేదంటే ఒక ప్యాకెట్ చింపుతాం. కడుపు నిండుతుంది కానీ పిల్లలకు సరైన తిండి పెట్టలేకపోయామన్న బాధ పడుకునేదాకా వదలదు.

మా ఇంట్లో ఇది చాలా ఏళ్లు నడిచింది. వంటకు టైమ్ చాలట్లేదనే అనుకునేదాన్ని. ఒకసారి అనుమానం వచ్చి, వారం రోజులు గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాను. స్టవ్ ముందు నిజంగా నిలబడింది రోజుకు అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. మిగతాదంతా ఏం వండాలో తేలక, తేలాక అందులోకి కావాల్సింది ఇంట్లో లేక, దానికోసం మళ్లీ చెప్పులేసుకుని బయటికి వెళ్లొచ్చి, ఆ తర్వాత కడిగి తరగడంలో పోయింది.

వంట అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు పనులున్నాయి. ఏం చేయాలో తేల్చుకోవడం, సరుకులు తెచ్చుకోవడం, కడిగి తరిగి నానబెట్టి సిద్ధం చేసుకోవడం, చివరికి పొయ్యి మీద పెట్టడం. వేడిగా తినాలంటే ఆ చివరిది మాత్రమే భోజనం వేళకు దగ్గర్లో జరగాలి. మొదటి మూడూ ఎప్పుడైనా చేసుకోవచ్చు. అలాంటిది నాలుగింటినీ కట్టగట్టి, రోజంతటిలో ఒంట్లో ఓపిక, బుర్రలో తెరిపి రెండూ అడుగంటిన గంట మీద పడేస్తున్నాం. ఆరోగ్యకరమైన తిండి దెబ్బతినేది అక్కడే. ఆకలి, అలసట కలిసి ఉన్నప్పుడు ఎవరైనా చేతికి అందినదే తింటారు. దీన్ని క్రమశిక్షణ లోపం అనుకుని మనల్ని మనం తిట్టుకోవడంలో న్యాయం లేదు. పనిని వేళ మార్చి పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఏడు రోజుల చార్టు ఎందుకు నిలబడదు

ప్లానింగ్ అనగానే చాలామంది చేసే మొదటి పని, నేను చేసిందీ అదే, ఏడు రోజులకు మూడు పూటల చొప్పున ఇరవై ఒక్క గళ్ల చార్టు గీయడం. ఆదివారం రాత్రి దాన్ని చూస్తే ఎంతో ధైర్యంగా ఉంటుంది. బుధవారానికి మీటింగ్ లేటవుతుంది, లేదా చిన్నదానికి జ్వరం వస్తుంది. ఒక గడి తప్పితే దాని కోసం తెచ్చిన ఆకుకూర మిగులుతుంది, శుక్రవారానికి కుళ్లుతుంది, చార్టు మీద నమ్మకం పోతుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. అందులో 60 శాతం పారేసింది హోటళ్లో దుకాణాలో కావు, ఇళ్లే. ఇందులో మన ఫ్రిజ్‌లో నల్లబడిన పాలకూర కట్టలు కూడా ఉన్నాయి.

చార్టులో అసలు లోపం ఏంటంటే, అది వంటకాలతో మొదలవుతుంది. మొదలుపెట్టాల్సింది క్యాలెండర్‌తో. వచ్చే వారంలో ఏ రోజు ఎవరు ఎన్నింటికి ఇల్లు చేరతారు, ఏ రోజు ట్యూషన్, ఏ రోజు నైట్ షిఫ్ట్ అని ముందు చూడాలి. అప్పుడు రోజులు వాటంతటవే విడిపోతాయి: గంట తీరిక దొరికే రోజులు, అరగంటే ఉండే రోజులు, పది నిమిషాలు కూడా దొరకని రోజులు. ఏ వంటకం ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టి తేలుతుంది. గంట పట్టే వంటను మంగళవారం రాత్రికి రాసుకుని, ఆ రోజు ఇల్లు చేరేదే ఎనిమిదింటికి అయితే ఆ ప్లాను కాగితం మీదే చచ్చిపోతుంది.

ఏడు రాత్రులనూ నింపకండి. నాలుగు చాలు. ఒక రాత్రి మిగిలినవాటికి, ఒకటి అత్యవసరానికి, ఒకటి ఖాళీగా. ఎవరైనా భోజనానికి పిలిచినా, ఎవరైనా చెప్పకుండా వచ్చినా ఆ ఖాళీయే ఆదుకుంటుంది. వరసను కూరగాయల ఆయుష్షును బట్టి పెట్టుకోవాలి. ఆకుకూరలు, చేపలు సరుకులు తెచ్చిన మొదటి రెండు రోజుల్లోనే అయిపోవాలి. బీన్స్, కాలీఫ్లవర్ వారం మధ్యలోకి. క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి, ఫ్రీజర్‌లో ఉన్నవి వారం చివరికి. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో పారేసేది దాదాపు ఆగిపోయింది.

"ఆరోగ్యకరం" అంటే పళ్లెంలో ఎంత

ఇక్కడ సలహాలు ఎక్కువై జనం అయోమయంలో పడతారు. రోజువారీ వంటకు పనికొచ్చేంత సులువైన కొలత ఒకటుంది. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రజారోగ్య విభాగం 2011లో ఒక పళ్లెం బొమ్మ విడుదల చేసింది. పళ్లెంలో సగం కూరగాయలు, పళ్లు. పావు వంతు పాలిష్ పట్టని ముడి ధాన్యాలు. మిగతా పావు పప్పులు, గింజలు, గుడ్లు, చేపలు, చికెన్ లాంటి ప్రొటీన్. తూకం అక్కర్లేదు, కంటితో చూస్తే తెలిసిపోతుంది. మనలో చాలామంది పళ్లెంలో అన్నమో రొట్టో సగానికి పైగా ఆక్రమించి, కూర పక్కన ఒదిగి కూర్చుంటుంది. ఆ రెండింటి స్థానాలు మార్చడమే ఇందులోని ముఖ్యమైన మాట.

సరుకులు కొనేటప్పుడు మాత్రం తూకం పనికొస్తుంది. పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ రోజుకు కనీసం 400 గ్రాముల పళ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 350, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు 250 గ్రాములు. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు. ఇద్దరు పెద్దవాళ్లు, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉన్న ఇల్లు తీసుకోండి. రోజుకు 1,400 గ్రాములు. వారానికి పది కిలోలకు కొంచెం తక్కువ. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకుని మా సంచి తూచి చూస్తే, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు తీసేశాక మిగిలింది నాలుగు కిలోలు. వండే తీరు ఎంత మార్చినా ఇంట్లో లేని కూరగాయ పళ్లెంలోకి రాదు కదా. మెనూ కంటే ముందు ఆ సంచి బరువు సరిచేయాలని అప్పుడే అర్థమైంది.

ఇంకో ఊరట మాట. ప్రతి పూటా అన్నీ సరిగ్గా కుదరాల్సిన పని లేదు. మధ్యాహ్నం కూర తక్కువైతే సాయంత్రం పళ్లతో సరిపెట్టవచ్చు. రోజు మొత్తం మీద, ఇంకా చెప్పాలంటే వారం మొత్తం మీద చూసుకుంటే చాలు. ప్రతి భోజనాన్నీ పరీక్షలా చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

వంటకాలు కాదు, ముడి భాగాలు

ఆదివారం కూర్చుని వారానికి సరిపడా కూరలన్నీ వండి డబ్బాల్లో పెట్టేయడం ఒక పద్ధతి. కొందరికి బాగానే కుదురుతుంది. నాకు నచ్చలేదు. మూడో రోజు అదే రుచి, అదే వాసన, పిల్లలు మూతి తిప్పుకుంటారు. దానికంటే భాగాలను విడిగా సిద్ధం చేసుకోవడం మేలు. ఒక గిన్నెడు ఉడికించిన శనగలో రాజ్మానో. కడిగి, తుడిచి, తరిగి పెట్టిన రెండు రకాల కూరగాయలు. ఉడికించిన గుడ్లు. ఉల్లి, టమాటా మగ్గించిన ముద్ద ఒక సీసాడు. ఇవి ఉంటే సాయంత్రం మిగిలేది కలపడం, వేడి చేయడమే. అవే శనగలు ఒకరోజు టమాటా ముద్దలో కూర అవుతాయి, ఇంకోరోజు క్యారెట్ తురుము, నిమ్మరసంతో సలాడ్ అవుతాయి, మూడోరోజు సూప్‌లో పడతాయి.

గింజల విషయంలో ప్రెషర్ కుక్కర్ నిజంగా గంటలు మిగుల్చుతుంది. మూత తీసిన గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడికి మరిగే ఉష్ణోగ్రత 120 డిగ్రీల దాకా పెరుగుతుంది. నానబెట్టిన శనగలు గంటకు పైగా ఉడకాల్సింది అందుకే కుక్కర్‌లో అంత తొందరగా మెత్తబడతాయి. ఎర్ర రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. వాటిలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సరిగా ఉడకకపోతే తీవ్రమైన వాంతులు, కడుపునొప్పి తెప్పిస్తుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లించాలి. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచే స్లో కుక్కర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఆ వేడి లెక్టిన్‌ను విరిచేంత ఉండకపోవచ్చు.

ముందే వండితే పాడవదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. చాలా వ్యాసాలు దీన్ని దాటేస్తాయి గానీ, ప్లాను మొత్తం నిలబడేది దీని మీదే.

బ్యాక్టీరియా చురుగ్గా పెరిగేది 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. వండిన ఆహారం ఈ మధ్య మండలంలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. అయితే అసలు చిక్కు పెద్ద గిన్నెలో ఉంది. ఒకసారి ఆరు లీటర్ల గిన్నె నిండా గింజల కూర చేసి, మూత పెట్టి పొయ్యి మీదే వదిలాను. రెండు గంటల తర్వాత గిన్నె అంచు చేతికి గోరువెచ్చగా తగిలింది. గరిటె నడిమధ్యకు దింపి పైకి తీస్తే పొగలు వచ్చాయి. పైన చల్లారినట్టున్నా లోపల చల్లారదు. అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడుమ భాగం ఇంకా గంటలు ఆ మధ్య మండలంలోనే కూర్చుంటుంది, పైగా పక్కనున్న పాలను, పెరుగును కూడా వేడెక్కిస్తుంది. అందుకే వండగానే వెడల్పాటి, లోతు తక్కువ డబ్బాల్లోకి రెండు మూడు అంగుళాల మందాన సర్దాలి. తొందరగా కావాలంటే డబ్బాను చల్లటి నీళ్ల పళ్లెంలో నిలబెట్టి కలిపితే సరి.

అన్నానికి ఇంకో లెక్క ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, అవి ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. "బాగా వేడి చేస్తే ఏం కాదులే" అన్న మాట ఇక్కడ చెల్లదు. మిగిలిన అన్నాన్ని గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్క రోజులో తినేయమని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ సలహా. కాబట్టి అన్నం ఏ రోజుకారోజు వండుకోవడమే నయం. ఎలాగూ కుక్కర్ దాని పని అది చేసుకుంటుంది.

కూరలు, ఉడికించిన గింజలు, మాంసం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటాయి. ఫ్రిజ్ 5 డిగ్రీలకు మించకూడదు, అందులో చిన్న థర్మామీటర్ పెట్టుకోవడం మంచి అలవాటు. తినేముందు ఆ పూటకు కావాల్సినంతే తీసి, నడిమధ్య దాకా పొగలు వచ్చేలా, అంటే కనీసం 70 డిగ్రీలకు వేడి చేయాలి. డబ్బా మీద తేదీ రాయండి. "ఇది ఎప్పటిది?" అని వాసన చూసి తేల్చుకోవడం నమ్మదగిన పద్ధతి కాదు. రోగం తెచ్చే బ్యాక్టీరియా చాలాసార్లు వాసన గానీ, రంగు మార్పు గానీ చూపించదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి చూస్తే, వారానికి ఒక్కసారే అంతా సిద్ధం చేసుకోవడం ఎందుకు సరిపోదో తెలుస్తుంది. ఆదివారం చేసినదానికి బుధ, గురువారాలతో గడువు తీరిపోతుంది. అందుకే ఆదివారం గంటన్నర, బుధవారం రాత్రి అరగంట, ఇలా రెండుసార్లుగా విడగొట్టుకోవాలి. లేదా ఆదివారం చేసినదాంట్లో సగం ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. 18 డిగ్రీల మైనస్‌లో బ్యాక్టీరియా పెరగదు. కరిగించేటప్పుడు మాత్రం వంటగది గట్టు మీద వదిలేయకుండా, ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించాలి.

ప్యాకెట్లన్నీ ఒకటి కావు

ఫ్రీజర్‌లో దొరికే బఠానీలంటే చాలామందికి చిన్నచూపు. పోషకాలు పోతాయని అనుమానం. నిజానికి వాటిని కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. వేడినీళ్లలో విటమిన్-సి కొంత పోయినా, ఆ తర్వాత చాలా నెమ్మదిగానే తగ్గుతుంది. ఐదు రోజులు ఫ్రిజ్‌లో ఉండి వాడిపోయిన కూరగాయ కంటే అవే మెరుగు కావచ్చు. డబ్బాలో వచ్చే ఉడికించిన గింజలూ మంచివే, ఉప్పు నీళ్లు వంపేసి కడిగితే చాలు.

జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. కెవిన్ హాల్ బృందం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఇరవై మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ అయిన తిండి, రెండు వారాలు మామూలు ముడిసరుకుతో వండిన తిండి పెట్టారు. ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానమే. కావలసినంత తినమన్నారు. ప్రాసెస్డ్ తిండి పెట్టిన రోజుల్లో సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు ఒక కిలో బరువు పెరిగారు. ఏడింటికి చింపే ప్యాకెట్ గురించి నాకున్న అసలు భయం ఇదే, అది మనకు తెలియకుండానే ఎక్కువ తినిపిస్తుంది.

ప్యాకెట్ మీద ఒక్కటి చదవాలంటే సోడియం చదవండి. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. పెద్దవాళ్లకు రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలు, ఒక టీస్పూన్‌కు కొంచెం తక్కువ.

అందరికీ ఒకే వంట, పళ్లెం మాత్రం ఎవరిది వారిది

ఇంట్లో ఒకరికి షుగర్, ఒకరికి బరువు తగ్గాలని, చిన్నవాళ్లకు కారం పడదు. మనిషికో వంట అంటే ఎవరి తరం? భాగాలుగా సిద్ధం చేసుకోవడం ఇక్కడా పనికొస్తుంది. కారం చివర్లో, పిల్లలకు తీసి పెట్టాక కలపవచ్చు. షుగర్ ఉన్నవాళ్ల పళ్లెంలో అన్నం తగ్గించి గింజలు పెంచవచ్చు. పొయ్యి మీద గిన్నె ఒకటే.

తిననని మొండికేసే పిల్లల విషయంలో పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన విభజన నాకు చాలా నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. కొత్త కూరగాయను రెండుసార్లు నెట్టేయగానే "మావాడికి పడదు" అని తీర్పు ఇచ్చేస్తాం. లియాన్ బర్చ్ లాంటి పరిశోధకులు 1980ల నుంచి చూపించింది ఏంటంటే, కొత్త రుచి అలవాటవడానికి పిల్లలకు పది, పదిహేనుసార్లు పట్టవచ్చు. బతిమాలకుండా, తిట్టకుండా ఒక చెంచాడు పళ్లెంలో ఉంచుతూ పోవడమే. వాళ్లు తినే పదార్థం ఒకటి పక్కన ఎప్పుడూ ఉండేలా చూసుకుంటే ఆకలితో లేచిపోతారన్న భయం ఉండదు.

తలలో ఉన్న లిస్టు ఎవరిది

మా ఆయన చాలా ఏళ్లు మనస్ఫూర్తిగా అడిగేవారు, "ఏం సాయం చేయమంటావో చెప్పు" అని. ఆ చెప్పడమే అసలు పని అని ఇద్దరికీ అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. సామాజిక శాస్త్రవేత్త ఎలిసన్ డామింజర్ 35 జంటలను ఇంటర్వ్యూ చేసి 2019లో ఈ కనిపించని పనిని నాలుగుగా విడదీశారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండటం. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని తేలింది. నూనె అయిపోవచ్చిందని ఎవరికి గుర్తుంటుందో వాళ్లు స్టవ్ ముందు లేనప్పుడు కూడా వంటలోనే ఉన్నట్టు.

అందుకే పనులను ముక్కలుగా కాకుండా పూర్తిగా పంచుకున్నాం. మంగళ, శుక్రవారాల రాత్రి భోజనం పూర్తిగా ఆయనది. ఏం వండాలో తేల్చడం, దానికి కావాల్సినవి ఉన్నాయో లేదో చూసుకోవడం, వండటం, మిగిలినదాన్ని డబ్బాలో సర్దడం అన్నీ. సరుకుల లిస్టు నా తలలోంచి ఫ్రిజ్ తలుపు మీదకు వచ్చింది. ఏ డబ్బా సగానికి వచ్చినా చూసినవాళ్లే రాయాలి. బాబు కూడా రాస్తాడు, అక్షరాలు వంకరగా.

ఇక పది నిమిషాలు కూడా దొరకని రోజు. అది వారానికి ఒకటైనా వస్తుంది కాబట్టి దాన్ని కూడా ప్లానులోనే ఉంచుకోవాలి. అల్మారా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, కళ్లు మూసుకుని చేయగలిగిన మూడు భోజనాల పేర్లు రాసుకున్నాం. మూడింటికీ కావాల్సినవి ఎప్పుడూ ఇంట్లో ఉంటాయి: గుడ్లు, ఫ్రీజర్‌లో బఠానీలు, ముందే ఉడికించి గడ్డకట్టించిన గింజలు, ఓట్స్, టమాటా ముద్ద సీసా. వాడిన రోజే వాటి పేర్లు మళ్లీ లిస్టుకు ఎక్కుతాయి. పోయిన గురువారం నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఎవరూ ఫ్రిజ్ ముందు నిలబడి లేరు. బాబు ఆ కాగితం చూసి గుడ్లు బయటికి తీసి పెట్టాడు, వాళ్ల నాన్న బఠానీలు వేడినీళ్లలో వేస్తున్నారు.